గర్భిణుల దురదను గూర్చి

ఈ ప్రసంగమునకు పెట్టిన పేరు విని నవ్వినవారు కలరు. నవ్వుటలో వింత లేదు. మన భాషలో దురద యనునది పరిహాసమునకే పుట్టినట్లుండు మాట. ఎక్కువగా మాటలాడువానికి నోటిదురద యందుము. తనకు సంబంధింపని పనిలో తలదూర్చువానిని జూచి కందకు లేని దురద కత్తిపీటకేల యందుము. జ్వరము వచ్చినదనిన ఇంటిల్లిపాదియు లేచును; దురద వచ్చినదనిన గోళ్లు లేవా యని యడుగుదురు. అందులోను గర్భవతియైన కోడలు అరచేతులు గోకికొనుచు నిద్రలేక అర్ధరాత్రి లేచి కూర్చున్నచో, బిడ్డకు వెండ్రుకలు మొలచుచున్నవి, అంతేయని లోపలినుండి ఒక ముసలి గొంతు పలుకును. ఆ పలుకుతో విచారణ ముగియును.

ఆ మాట యెంత పాతదో తెలిసికొన్నప్పుడు నేను మిక్కిలి ఆశ్చర్యపడితిని. అది మన కృష్ణాతీరమున పుట్టినది కాదు, నిన్న మొన్నటిదియు కాదు. సుమారు రెండువేల యేండ్ల నాటి చరక సంహితలో అది కలదు; దానికి సమాధానమును కలదు.

ఆ గ్రంథమున శారీరస్థానములోని ఎనిమిదవ అధ్యాయము గర్భిణీ పరిచర్యను, ప్రసవమును గూర్చినది. ఏయే నెలలో ఏయే ఆహారము పెట్టవలెనో వరుసగా చెప్పుచు వచ్చిన ఆత్రేయుడు ఏడవ నెలకడ ఆగి, స్త్రీల వాడుకమాట నొకదానిని పేర్కొనెను. కడుపులోని శిశువునకు కేశములు మొలచుటచేత తల్లికి మంట పుట్టునని స్త్రీలు చెప్పుకొందురట. అది సరికాదని ఆయన మతము. పెరుగుచున్న గర్భము ఒత్తిడి చేయగా వాత పిత్త కఫములు ఱొమ్మును జేరి మంట పుట్టించుననియు, మంటవలన దురదయు, దురదవలన చర్మము చీలి చారలు పడుటయు కలుగుననియు ఆయన వివరించెను. ఆ బాధకు కిక్కిస మని పేరు. పిమ్మట వాగ్భటుడు తన అష్టాంగహృదయమున ఈ సంగతినే సంగ్రహముగా చెప్పెను.

శాస్త్రకారుడు స్త్రీల మాటను ఎగతాళి చేయలేదు సుమా. దానిని ఎత్తి వ్రాసి, కాదని, తనకు తోచిన కారణము చెప్పెను. ఆయన చెప్పిన కారణము నేటి పరీక్షకు నిలువదు. అయినను దురదకు మూలమును శిశువు తలవెండ్రుకలలో గాక తల్లి దేహములో వెదకవలెనను మార్గము మాత్రము సరియైనదే. మన యిండ్లలో మిగిలినది ఆత్రేయుని మాట కాదు. ఆయన కాదనిన మాట. గ్రంథములకును వంటిండ్లకును నడుమ ఇట్టివి జరుగుచుండును.

ఆ అధ్యాయములోని చికిత్సయు వినదగినది. రేగుపండ్ల కషాయముతోను మధురద్రవ్యములతోను పక్వము చేసిన వెన్నను కొంచెము కొంచెముగా ఇమ్మనిరి. పొట్టమీదను స్తనములమీదను గంధము, తామరతూండ్లు నూరి పూయుమనిరి. దిరిసెన, ఆవాలు, అతిమధురము మొదలగువాని పొడియు, తుంగముస్తలు పసుపు చేర్చిన ముద్దయు, వేప రేగు తులసి మంజిష్ఠల ముద్దయు చెప్పబడినవి. లేడి, కుందేలు నెత్తురు కలిపిన త్రిఫల పూతయు కలదు. అది గ్రంథములోనే యుండుట మేలు. గన్నేరాకులతో కాచిన తైలమును చెప్పిరి. గన్నేరు విషమని మీకు నేను చెప్పనక్కరలేదు. గ్రంథమున నున్నదిగదా యని దానిని ఇంటిలో కాచి గర్భిణి యొడలికి రాయవలదు. ఆహారములో ఉప్పు, నూనె తగ్గింపుమనిరి. అన్నిటికంటె నాకు నచ్చినది వేరొకటి: గోకికొనవలదు, గోకినచో చర్మము చీలి వికారమగును, ఓర్వరానిచో మర్దనముతో ఉపశమింపజేయుడు, అని. నేటి చర్మవైద్యుని యొద్దకు పోయినను మొదట వినవచ్చు మాట ఇదియే.

అయితే ఒక్క సంగతి గమనింపుడు. ఆత్రేయుడు చెప్పిన పూతలు పొట్టకును స్తనములకును సంబంధించినవి. చర్మము సాగుచోట కలుగు దురద అది. నెలలు నిండుకొలది చర్మము సాగి, పొడియై, చారలుపడి, గర్భిణులలో చాలమందికి కొంత దురద పుట్టును. సుమారు నాల్గవవంతు మందికి కలుగునని వైద్యులు లెక్క వేసియున్నారు. అందులో అధికభాగము నిరపాయము. కాని అరచేతులలోను అరకాళ్లలోను పుట్టి, పొక్కు గాని దద్దు గాని లేకుండ, రాత్రివేళ హెచ్చి, నిద్రను చెరచు దురద యొకటి వేరుగా కలదు. నేడు నేను మీ యెదుట పెట్టదలచినది ఈ రెండవదాని చరిత్ర. ఇది చర్మవ్యాధి కాదు. కాలేయము పంపు వార్త.

మన పల్లెలలోని పేర్లను ఒక్కసారి తలచుకొనుడు. పుల్లయ్య, పెంటయ్య, పిచ్చయ్య, కుప్పమ్మ. వరుసగా బిడ్డలు దక్కని తల్లి, తరువాత పుట్టిన శిశువును ఎంగిలి విస్తళ్లమీదనో పెంటకుప్పమీదనో ఒక్క క్షణము పరుండబెట్టి, దిష్టి తగులకుండ అట్టి పేరు పెట్టుకొనెడిది. ఈ పేర్లు విని పట్టణపు పిల్లలు నవ్వుదురు. అట్టి ఒక్కొక్క పేరునకు వెనుక పేరైన లేక పోయిన అన్నలో అక్కలో ఉండిరని వారికి తెలియదు. ఆ మరణములకు కారణములు వేయి: ధనుర్వాతము, మన్యపు జ్వరము, రక్తహీనత, ఆకలి. నెలలు నిండవచ్చిన శిశువు, ఏ జబ్బును పైకి కానరాకుండ, కడుపులోనే కదలిక మానుటయు అందొకటి. అట్టిది ఒకే తల్లికి రెండవసారియు జరిగినచో ఇరుగుపొరుగులు ఏమనెడివారో మీకు తెలియును. శాపమనిరి, గ్రహమనిరి, ఆమె కాలు మంచిది కాదనిరి. ఆమె ప్రతిసారియు ఎనిమిదవ నెలలో అరచేతులు గోకికొన్నదా యని ఎవ్వరును అడుగలేదు. అడుగవలసిన ప్రశ్న యొకటి కలదని లోకమున నెవ్వరికిని తెలియదు.

దీనిని మొదట వ్రాసిపెట్టినవాడు జర్మనీ దేశపు ప్రసూతివైద్యుడు ఆల్ఫెల్డ్. 1883లో అతడు, గర్భము ధరించినప్పుడెల్ల పచ్చకామెర్లు వచ్చి ప్రసవముతో పోవుచుండు వింతను వర్ణించెను. ఆ 1883వ సంవత్సరముననే మన కృష్ణకు ఆవలి యొడ్డున గుంటూరులో అన్నా సారా కుగ్లర్ అను అమెరికా వైద్యురాలు అడుగుపెట్టెను. ఈ రెంటికి సంబంధమేమియు లేదు. సంవత్సర మొక్కటియగుట కేవలము యాదృచ్ఛికము. కాని గర్భిణుల రోగములను గూర్చి ఐరోపాలో గ్రంథములు వ్రాయబడుచున్న కాలమున, మన సీమలో గర్భిణిని చేయిపట్టి చూచు వైద్యురాలు ఉండుటయే క్రొత్త యని దీనివలన తెలియును. కుగ్లరమ్మ స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి తెఱచుటకు 1898 వరకు పట్టినది. అంతవరకును, అటుపిమ్మట చాలకాలమును, డెల్టా గ్రామములలో ప్రసవము మంత్రసానిదే. మంత్రసాని నిందింపదగినది కాదు. ఆమె చేతులకు తెలిసిన విద్య గొప్పది. అడ్డము తిరిగిన బిడ్డను ఆమె చేయి గుర్తింపగలదు; కాలేయము చెడుటను గుర్తించు చేయి ఎవరికిని లేదు.

మదరాసు రాజధానిలో 1926లో దాదులకును మంత్రసానులకును ఒక చట్టము వచ్చినది. శిక్షణ పొంది పేరు నమోదు చేసికొన్నవారు అప్పటినుండి పట్టణములలో కనబడసాగిరి. బెజవాడలో ఈ చరిత్రకు మఱువరాని పేరు డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారిది. చరిత్ర పరిశోధకులు లక్ష్మణరావుపంతులుగారి కుమార్తె. 1906లో జన్మించి, మదరాసులో వైద్యవిద్య ముగించి, బెజవాడలో స్త్రీలకు వైద్యము చేసిరి. 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నికైరి. 1964లో పరమపదించిరి. ఆమె ప్రసూతి, శిశుపోషణములను గూర్చి తెలుగున గ్రంథము వ్రాసిరి. ఈ పని చిన్నది కాదు. గర్భిణి దేహమును గూర్చి చదువుకొన్న స్త్రీ, చదువరులగు స్త్రీలకు, తెలుగు మాటలలో చెప్పుట అది. అంతకుమునుపు ఈ విషయము గుసగుసగానే చెప్పుకొనబడెడిది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసినపిమ్మట ఇట్టి సంగతులు చావడి అరుగుమీద కూర్చున్నవారికిని వినబడు మార్గ మేర్పడినది.

ఆ కేంద్రము వెలసిన ఆరేడు సంవత్సరములకే స్వీడను దేశమునుండి క్రొత్తవార్త వచ్చెను. 1954లో స్వాన్‌బోర్గ్, 1955లో తోర్లింగ్ అను వైద్యులు, గర్భిణులలో కామెర్లను, దురదను విడివిడిగా కాక ఒకే వ్యాధిగా పరిశీలించి వర్ణించిరి. కాలేయము ఒక రసమును తయారుచేయును. దానినే మనము పైత్యరస మందుము. ఆహారములోని కొవ్వు దీనివలన జీర్ణమగును. కాలేయములోని సన్నని కాలువలగుండ అది ప్రేగులోనికి ప్రవహింపవలెను. గర్భకాలమున దేహమున హెచ్చు స్త్రీసంబంధమైన రసములవలన, కొందఱిలో వంశపరంపరగా వచ్చు బలహీనతవలనను, ఆ ప్రవాహము మందగించును. డెల్టాలో నుండువారికి దీనిని వివరించుట సులభము. బోదెకు నాచు పట్టినప్పుడు నీరు ముందుకు పోక గట్టు మీదుగా పొలములోనికి పొర్లును గదా. అట్లే పైత్యామ్లములు ప్రేగునకు పోవుటకు మాఱు నెత్తురులోనికి వెనుకకు పొర్లును. అవి నెత్తురున హెచ్చినపుడు దురద పుట్టును. కన్ను పచ్చబడుట అందఱికి కలుగదు. చాలమందిలో దురద యొక్కటే గుర్తు. కామెర్లు లేవు గదా యని ఊరకుండువారు మోసపోవుట ఇక్కడనే.

పిత్త మను మాట చూచి ఇదియంతయు చరకునకు ముందే తెలియునని కొందఱు వాదింపవచ్చును. నేను అట్లు చెప్పజాలను. ఆయన చెప్పిన పిత్తము వేరు, నేటి వైద్యులు కొలుచు పైత్యామ్లము వేరు. పూర్వులకు గౌరవము చూపుటకు వారు చెప్పనిది వారి నోట పెట్టనక్కరలేదు. చెప్పినదే చాలినంత యున్నది.

ఈ వ్యాధి అన్ని దేశములలో ఒకేవిధముగా లేదు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున, అందును అక్కడి ఆదిమజాతి స్త్రీలలో, 1970ల నాటికి ఇది చాల హెచ్చుగా కనబడెను, పిమ్మట తగ్గినది. ఇంగ్లండులో గర్భిణులు వేయిమందిలో 7గురికి ఇది కలుగుచుండగా, అక్కడ నివసించు భారత, పాకిస్తాన సంతతి స్త్రీలలో వేయికి 12 నుండి 15 మందికి కలుగుచున్నట్లు లెక్క తేలినది. అనగా ఇది చలిదేశముల జబ్బనుకొని మనము నిశ్చింతగా నుండ వీలులేదు. మన నెత్తురున నున్నవారికే రెట్టింపు దగ్గఱగా వచ్చుచున్నది.

తల్లికి దీనివలన కలుగునది బాధయేకాని సాధారణముగా ప్రాణాపాయము కాదు. ప్రసవమైన కొలది దినములలో దురద అణగును. అపాయము బిడ్డది. నెలలు నిండకమునుపే ప్రసవించుట, ఉమ్మనీటిలో శిశువు మలవిసర్జన చేయుట, కొన్ని సమయములలో హఠాత్తుగా గర్భములోనే మరణించుట. 2019లో అనేక దేశముల లెక్కలను ఒకచోట చేర్చి పరిశీలింపగా ఒక సంగతి స్పష్టమైనది. నెత్తురులో పైత్యామ్లములు లీటరునకు 100 మైక్రోమోల్‌లు గాని అంతకు మించి గాని యున్న తల్లులలో, గర్భమున శిశువు మరణించుట నూటికి 3 కంటె హెచ్చు. 40కి లోపుగా నున్నచో ఆ భయము ఇతర గర్భిణులకు మించి లేదు. ఈ లెక్క భయపెట్టుటకు కాదు. అందఱికి అపాయము లేదని, ఎవరికున్నదో నెత్తురు పరీక్షచే తెలియునని, ఇది చెప్పుచున్నది. అపాయము హెచ్చుగా నున్నచో నెలలు పూర్తిగా నిండువరకు వేచియుండక, వైద్యులు తగిన వారము నిర్ణయించి ముందుగా ప్రసవము చేయింతురు. బిడ్డను కాపాడు ఉపాయ మిదియే.

మందును గూర్చి ఒక చిత్రమైన సంగతి. దీనికి వాడు అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లము మొదట ఎలుగుబంటి పైత్యమున కనుగొనబడినది. ఆ పేరులోని మొదటిభాగమునకు లాటిను భాషలో ఎలుగు అని యర్థము. నేడు దానికి ఎలుగుబంట్లతో పనిలేదు. ఈ మందుపై చాలకాలము గొప్ప నమ్మకముండెను. 2019లోనే ఇంగ్లండున 605 మంది గర్భిణులపై జరిగిన పరీక్షలో ఇది శిశువునకు కలుగు కీడును తగ్గించినట్లు కానరాలేదు. దురదకును కొంచెమే మేలు చేసెను. మాత్ర మ్రింగుచున్నది గదా యని ఆసుపత్రికి మఱల పోకుండుట కూడదని దీనివలన గ్రహింపవలెను.

ఇక మన సీమకు వత్తము. 1855లో బెజవాడ కడ ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ డెల్టా అన్నపూర్ణ యైనది. చర్మమునకు మాత్రము పరీక్ష పెట్టినది. వైశాఖమున ఉక్క, శ్రావణమున బురద. మోకాలిలోతు నీటిలో వంగి ఊడ్పు ఊడ్చువారిలో గర్భిణులును ఉందురు. చెమటకాయలు మెడమీదను వీపుమీదను సన్నని పొక్కులుగా లేచును. తామర తొడలకడను నడుమున చీరకట్టు దగ్గఱను అంచు తేలి గుండ్రముగా వ్యాపించును. గజ్జి వ్రేళ్లసందులలో మొదలై రాత్రి హెచ్చును. దానికి గుర్తేమనగా ఇంటిలో ఇంకొకరిద్దరును గోకికొనుచుందురు. ఈ మూడింటికిని కంటికి కనబడు ఆనవాలు కలదు. కాలేయపు దురదకు గోటిగీతలు తప్ప ఆనవాలు లేదు. ఈ భేద మొక్కటి గుర్తుంచుకొన్నను ఈ ప్రసంగము వ్యర్థము కాలేదనుకొందును.

గర్భమునకే ప్రత్యేకములైన దద్దురులును కొన్ని కలవు. తొలిచూలు స్త్రీలలో కడపటి నెలలయందు పొట్టమీది చారలలో ఎఱ్ఱని పొక్కులు లేచి, బొడ్డును మాత్రము విడిచి, తొడలకు వ్యాపించునది యొకటి. అది బాధయే గాని బిడ్డకు కీడు చేయదు. బొడ్డుచుట్టునే ఆరంభమై పెద్ద నీటిబొబ్బలగునది వేరొకటి. అది అరుదు, కాని చర్మవైద్యుడు వెంటనే చూడదగినది.

నిరపాయమైన దురదకు ఇంటిలో చేయవలసినది స్వల్పము. చల్లని నీళ్లు గాని గోరువెచ్చని నీళ్లు గాని పోయవలెను. కాగిన నీళ్లు దురదను హెచ్చించును. ఘాటైన సబ్బు మానవలెను. స్నానముపిమ్మట తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె పట్టింపవలెను. పలుచని నూలుచీర, గాలి తగులు పక్క, కత్తిరించిన గోళ్లు. దురద రేగినచోట చల్లని తడిగుడ్డ పరచుటయు, కాలమైన్ పూతయు సుఖమిచ్చును. దుకాణమున అడిగి తెచ్చిన దురదమందు మాత్రము పూయవలదు. వానిలో కొన్నిటియందు స్టెరాయిడ్ ఘాటుగా కలిసియుండును. అది తామరను తాత్కాలికముగా అణచి, లోలోపల ఒళ్లంతయు ప్రాకించును. తామరకును గజ్జికిని గర్భకాలమున వాడదగిన మందులు కలవు. వైద్యుడు చీటి వ్రాసి యిచ్చును. గజ్జియైనచో ఇంటిల్లిపాదియు ఒకేదినమున మందు పూసికొని, బట్టలు పక్కలు మఱిగించి ఉతికి ఎండబెట్టవలెను. ఒక్కరే పూసికొన్నచో వారములోపల మఱల వచ్చును.

ఆసుపత్రికి ఎప్పుడు? అరచేతులు, అరకాళ్లు దురదపెట్టుచు, దద్దు లేక, రాత్రి నిద్ర చెడుచున్నచో ఆ వారములో కాదు, మరునాడే. అక్కడ నెత్తురు తీసి కాలేయపు పరీక్ష చేయుదురు. పైత్యామ్లముల పరీక్షకు నమూనాను పట్టణపు పరీక్షాలయమునకు పంపవలసిరావచ్చును. మొదటి పరీక్ష బాగున్నను దురద వదలనిచో ఒకటి రెండు వారములకు మఱల చేయింపవలెను. దురద ముందు వచ్చి, నెత్తురులో మార్పు వెనుక కనబడుట కలదు. కన్నులు పచ్చబడినను, మూత్రము టీ డికాక్షను రంగుగా నున్నను, మలము తెల్లనైనను, జ్వరము వాంతులు కలిగినను, కుడివైపు డొక్కపైన నొప్పి గాని, విడువని తలనొప్పి గాని, కన్నులు చీకట్లు గ్రమ్ముట గాని యున్నను ఆ దినముననే. బిడ్డ కదలిక తగ్గినదని తల్లి చెప్పినచో ఆ క్షణముననే. కదలిక సంగతి తల్లికి తెలిసినట్లు నాడి పట్టినవానికిని తెలియదు. ఆమె మాటను కొట్టివేయు అధికారము ఇంటిలో ఎవ్వరికిని లేదు. బండి కట్టవలసిన కాలము పోయినది. ఈ రాష్ట్రమున 2005నుండి 108 వాహనము పిలిచిన వచ్చుచున్నది.

కామెర్లను గూర్చి ఒక్కమాట గట్టిగా చెప్పవలసియున్నది. మన జిల్లాలలో కన్ను పచ్చబడగానే పసరు పోయించుటకో, చేతిమీద వాత వేయించుటకో బయలుదేరువారు నేటికిని కలరు. తక్కినవారి సంగతి ఎట్లున్నను, గర్భిణి విషయమున ఆ ప్రయాణము ప్రమాదము. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లలో హెపటైటిస్ ఇ అనునది యొకటి. 1955-56లో ఢిల్లీ నగరమున త్రాగునీటిలో మురుగు కలిసి వేలకొలది జనులకు కామెర్లు వచ్చినప్పుడు గర్భిణులే హెచ్చుగా మరణించిరి. అది ఈ వ్యాధియేయని తరువాతి కాలమున తేలినది. కాలువనీరు త్రాగు పల్లెలకు ఇది దూరపు కథ కాదు. నీరు కాచి యిచ్చుటయు, పచ్చబడిన గర్భిణిని పసరువైద్యుని వాకిట కూర్చుండబెట్టక నేరుగ పెద్దాసుపత్రికి చేర్చుటయు ప్రాణములు నిలుపు పనులు.

చివరకు, పుస్తకములలో నేను చూడని చిక్కు ఒకటి మన ఆచారములో కలదు. ఏడవ నెలలో సీమంతము చేసి, తొలిచూలు బిడ్డను పుట్టింటివారు తీసికొనిపోవుదురు. ఉయ్యూరులో కాపురమున్న పిల్ల అవనిగడ్డకు పోవును. తెనాలి పిల్ల గుడివాడకు వచ్చును. కాలేయపు దురద సాధారణముగా ఆరంభమగునదియు సరిగా అప్పుడే, ఏడవ నెల దాటినపిమ్మట. అత్తవారియూరి నర్సు అంతవరకు చూచినది. ఆమె కంటికి ఇక పిల్ల కానరాదు. పుట్టినింటి యూరి నర్సునకు ఈ పిల్ల క్రొత్త. నడుమ ఒకటి రెండు నెలలు ఏ పుస్తకములోను ఎక్కవు. అల్లునియింట మొదలైన దురద పుట్టింట చెప్పుటకు సిగ్గు. పుట్టింట మొదలైనది అత్తవారికి తెలియుట కష్టము. కావున చీరె సారెలతోపాటు తల్లీబిడ్డల ఆరోగ్యపు కార్డును మూటలో పెట్టించు పూచీ ఇరువైపుల పెద్దలది. పిల్ల వచ్చిన వారములోనే క్రొత్తయూరి ఆరోగ్యకార్యకర్తకు చూపవలెను. 2016 నుండి ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులను వైద్యులు ఉచితముగా పరీక్షించు ఏర్పాటు జరుగుచున్నది. ఆనాడు దురద సంగతి పిల్ల చెప్పకున్నను వెంట పోయిన తల్లి చెప్పవచ్చును.

ఒకసారి వచ్చినవారికి మఱుచూలున ఇది మఱల వచ్చుట సాధారణము. అక్కచెల్లెండ్రకును, తల్లికి వచ్చినచో కూతునకును వచ్చుట కలదు. ప్రసవమైన ఆరు వారములకు దురద పూర్తిగా పోయినదా, కాలేయము సరియైనదా యని మఱియొక పరీక్ష చేయింపవలెను. బిడ్డల యెడము కొఱకు వాడు మాత్రలలో కొన్ని ఇట్టివారికి సరిపడవు కనుక ఆ సంగతియు అప్పుడే అడుగవలెను. మనుమరాలి కార్డులో మొదటి పుటమీద, ఆమె తల్లికి గాని పినతల్లికి గాని గర్భకాలమున అరచేతుల దురద యుండెనా యని అడిగి తెలిసికొని, నర్సుచేత వ్రాయించుడు. ఆ యింటిలో ఆ సంగతి జ్ఞాపకమున్నది సాధారణముగా మీకే.